కంట్రోల్ ఫోన్‌లో కమలమ్మ

ఈమధ్య ఇద్దరు కుర్ర డాక్టర్లు మా ఇంటికి వచ్చారు. మానసిక వైద్యంలో కొత్తగా పట్టా పుచ్చుకున్నవాళ్ళు. ఇకమీదట పట్నంలో కూర్చుని కనగానపల్లి, నంబులపూలకుంట వైపు పల్లెల రోగులను కంప్యూటర్ తెరమీద చూస్తారట. "సార్, మనిషి ఎదురుగా లేకుండా మనసు ఎట్లా తెలుస్తుంది? మాకు భయంగా ఉంది" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, మా కోడలు మంచినీళ్ళు పట్టుకొచ్చింది. పెద్దాయనకు ఏమో అయిందని పాపం ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నవ్వక ఏం చేయను? వాళ్ళకు తెరలో మనిషి కళ్ళు కనిపిస్తాయి, చేతుల వణుకు కనిపిస్తుంది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో నేను ధర్మవరం రైల్వే ఆసుపత్రిలో ఉండగా ఒకావిడకు దూరాన్నుంచి మనోవ్యాధి వైద్యం చేశాను. ఆవిడ నాకు కనిపించేది కాదు. చాలా రోజులు వినిపించేది కూడా కాదు. మా మాటలు మాత్రం ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఉన్న స్టేషన్లన్నీ వినేవి. ఆ పిల్లలకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నా, పేర్లు మార్చాను.

నా ఉద్యోగం

రైల్వే డాక్టరంటే ఏమనుకుంటున్నారో! నలిగిన వేళ్ళు, మలేరియా, ఇంజన్ బొగ్గు పడిన కళ్ళు, సెలవు కోసం వచ్చే నడుంనొప్పులు. ఈ నడుంనొప్పులు పెళ్ళిళ్ళ రోజుల్లో అంటువ్యాధిలా వ్యాపించేవి. మనసు గురించి మాకు కాలేజీలో చెప్పింది బహు తక్కువ. పరీక్షలో ఆ ప్రశ్న వదిలేసినా పాసయ్యేవాళ్ళం.

నా పై అధికారి మంచి సర్జన్. ఆయన చేయి పడితే విరిగిన ఎముక సిగ్గుపడి అతుక్కునేది. కానీ మనసు మాట ఎత్తితే మాత్రం, "ఏమయ్యా, ఎక్స్‌రేలో కనిపించేదుంటే చెప్పు. లేదంటే ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు" అనేవాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళలో ముప్పాతిక మంది అట్లాగే అనుకునేవారు. చదువుకోనివాళ్ళు కనీసం దర్గాకో గుడికో తీసుకుపోయేవాళ్ళు. ఆ రోగికి ఒక ప్రయాణమైనా, నలుగురు మనుషుల తోడైనా దొరికేది.

గోడవైపు తిరిగిన మనిషి

రామ్మూర్తి అని ఒక స్టేషన్ మాస్టరు ఉండేవాడు. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య ఒక చిన్న స్టేషన్ ఆయనది. ఒక గది, ఒక క్వార్టరు, ఒక వేపచెట్టు, చుట్టూ చెనక్కాయ చేలు. ఊరు చాలా దూరం. ఒకరోజు నా దగ్గరికి వచ్చి నిద్రమాత్ర అడిగాడు.

"నిద్ర పట్టట్లేదా?" అన్నాను.

"నాకు కాదు సార్. నాకైతే నిలబడినా పడుతుంది. మా ఇంట్లో ఆమెకు."

ఆమె కమలమ్మ. మడకశిర దగ్గరి మనిషి. రెండో కాన్పు అయి కొన్ని నెలలైంది. మొదట నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది, ఆ తర్వాత మాట పోయింది. పసిబిడ్డ ఏడ్చినా తల తిప్పడం లేదు. పట్టాలు చూసుకునే కీమ్యాన్ మస్తాన్ భార్య ఖాజాబీ వచ్చి బిడ్డకు పాలు పట్టి, స్నానం చేయించి పోతోంది. ఇదంతా రామ్మూర్తి టోపీ చేతిలో తిప్పుకుంటూ చెప్పాడు. చివర్న, "పిచ్చి కాదు కదా సార్?" అన్నాడు. అడగడానికి వచ్చింది ఆ మాటే. నిద్రమాత్ర ఒక సాకు.

మర్నాడు ప్యాసింజరులో వెళ్ళాను. కమలమ్మ చాపమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేనున్నంతసేపూ ఇటు తిరగలేదు. నేను చూసింది ఒక వీపు, ఒక జడ, అంతే. బెంగుళూరు తీసుకుపోదాం అని రామ్మూర్తి అనగానే ఆ వీపు బిగుసుకుపోయింది. ఇంతకుముందు ఒకసారి బయటికి తీసుకుపోబోతే గడప పట్టుకుని వదల్లేదని ఖాజాబీ చెప్పింది.

బెంగుళూరులో నాకు తెలిసిన మానసిక వైద్యుడు ఒకాయన ఉండేవాడు. నాకన్నా పెద్దవాడు. సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఏదో ఒక జోకు చెప్పబోయి మానుకున్నట్టుండే మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

"కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బు. నయమయ్యే జబ్బే" అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందంటే, ఆయన చెప్పిన మిగతాది మళ్ళీ అడిగి చెప్పించుకోవలసి వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన మాత్రలు ఇచ్చాడు. "ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఒంటరిగా వదలొద్దు. రోజూ కనుక్కోవాలి. పడుకుంటోందా, తింటోందా, బిడ్డను చూస్తోందా, చావు ఊసు ఎత్తుతోందా."

"రోజూ ఎట్లా సార్? నేను ధర్మవరం, మీరు బెంగుళూరు, ఆమె గోడవైపు."

"అంత పెద్ద రైల్వే పెట్టుకుని మీకు ఒక ఫోన్ లేదా?" అని నవ్వాడు. ఆయన సరదాకే అన్నాడు. నేను తిరుగు ప్రయాణమంతా ఆ మాటే నమిలాను.

ఒక్క తీగ

కంట్రోల్ ఫోన్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. లైన్ పొడుగునా స్టేషన్లన్నిటికీ ఒకటే తీగ. ఆ చివర ఎక్కడో ఆఫీసులో కంట్రోలర్ కూర్చుని, ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏది ముందు పోవాలో చెబుతుంటాడు. ఏ స్టేషన్‌లో రిసీవర్ ఎత్తినా అందరి మాటలూ వినిపిస్తాయి. బండ్ల పనికి తప్ప దానిలో తుమ్మడం కూడా నేరమే.

ధర్మవరం స్టేషన్ గదిలోకి పోయి రిసీవర్ ఎత్తాను. "కంట్రోల్, నేను రైల్వే డాక్టరును. నాకు రోజూ కాసేపు లైన్ కావాలి."

"బండ్లు నడిపేదానికా?" అంది అవతలి గొంతు. ఆ గొంతు వెనకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆయన్ను అందరూ 'కంట్రోల్' అనే పిలిచేవారు, నేనూ అంతే.

విషయం చెప్పాను. అటు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "మధ్యాహ్నం గూడ్సు దాటినాక ప్యాసింజరు వచ్చేదాకా లైన్ ఊరికే ఉంటుంది. అప్పుడు మాట్లాడుకోండి. నేను చాలంటే మాత్రం మాట మధ్యలో ఉన్నా దిగిపోవాల" అంది గొంతు. నా పై అధికారికి చెబితే, "ఫోన్‌లో నాడి చూస్తావటయ్యా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. వద్దని మాత్రం అనలేదు. అధికారి నవ్వుతుండగానే పని మొదలుపెట్టేయాలి. ఇది మీకు పనికొచ్చే సలహా.

రామ్మూర్తి కళ్ళు

మొదటి రోజు సంభాషణ ఇది.

"ఎట్లుందప్పా ఆమెకు?"

"అంతా నార్మల్ సార్."

"నార్మల్ అంటే?"

"పండుకోనుండాది సార్."

"పొద్దున్నుంచీనా?"

"నిన్నట్నుంచి సార్."

నేను తల పట్టుకున్నాను. రామ్మూర్తీ, నీ అభిప్రాయం నాకొద్దు, నీ కంటికి ఏం కనపడిందో అది చెప్పు అన్నాను. ఆ మాట ఆయన వేదవాక్కుగా తీసుకున్నాడు. మర్నాటి నుంచి చూడండి నా పాట్లు!

"లేటుగా లేచింది సార్. పెరట్లోకి పోయి వచ్చింది. వేగం తక్కువ. దావలో రెండు తావుల నిలబడింది, కారణం తెలీదు. ముద్ద పెడితే సగం తినింది. మిగిలింది వాపసు."

"మొహం ఎట్లుంది?"

"దీపం పెట్టని సిగ్నల్ మాదిరుండాది సార్" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుస్తకాల్లో ఆ జబ్బు వర్ణన పేజీలకు పేజీలు చదివాను. ఇంత సరిగ్గా ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి రామ్మూర్తి కళ్ళను నేను నమ్మాను. మీరు తెరమీద చూసేటప్పుడు కూడా రోగి పక్కన కూర్చున్న మనిషిని మరవొద్దు. తెరలో పట్టనిది ఆ మనిషికి తెలుసు. అయితే అడగడం మీకు రావాలి.

బెంగుళూరాయన చెప్పినట్టు, కొన్నాళ్ళకు ఖాజాబీ ఆమెను మెల్లగా నడిపించుకొచ్చి ఫోన్ దగ్గర బెంచీమీద కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. క్వార్టరు నుంచి స్టేషన్ గదికి నాలుగడుగులు. అదే ఆమెకు పెద్ద ప్రయాణం. అక్కడా గోడవైపే తిరిగేది. నేను పలకరిస్తే రామ్మూర్తి రిసీవర్ ఆమె చెవికి పెట్టేవాడు. నాకు ఊపిరి వినిపించేది. ఆ ఊపిరితో వానల గురించి, చెనక్కాయ ధర గురించి, మా ఆసుపత్రి ఆవరణలో తిరిగే మేక గురించి నేనొక్కడినే మాట్లాడేవాణ్ణి. స్టేషన్ గదిలో కూలీలు నన్ను వింతగా చూసేవాళ్ళు.

ఒకరోజు రామ్మూర్తి యథాప్రకారం మొదలుపెట్టాడు. "ఈపొద్దు ఖాజాబీ రాలేదు సార్, పిల్లోనికి జ్వరమంట. ఆమెను నేనే పిల్చుకొచ్చినా. వంటా నేనే చేసినా. ఉలవచారు. బాగా కుదిరింది. అయినా ఆమె..."

అంతలో ఏదో కింద పడిన చప్పుడు. రిసీవర్ చేయి మారింది.

"ఏం కుదిరింది? ఉప్పేసినావా దాన్లో? కుక్క గూడా ముట్టల్యా!" అంది ఒక ఆడగొంతు. బొంగురుగా, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు. తర్వాత నాతో, "ఈయప్ప చెప్పేదంతా అబద్దం సార్" అంది.

ఆ తర్వాత లైన్ పేలిపోయింది! పెనుకొండలో ఎవరో చప్పట్లు. "మాట్లాడిందప్పో!" అని ఒక గొంతు. "ఉప్పు ఎయ్యల్యాంట!" అని ఇంకో గొంతు. హిందూపురంలో ఎవరో ఈల వేశారు. నేను కుర్చీలోంచి లేచి పక్కనున్న ధర్మవరం స్టేషన్ మాస్టరును కౌగిలించుకున్నాను. ఆయన చేతిలోని టీ నా చొక్కామీద పడింది.

"లైన్ ఖాళీ చేయండి!" అని కంట్రోల్ గర్జించింది. అందరూ గప్‌చుప్. అప్పుడు అదే గొంతు మెల్లగా అంది. "అమ్మా, మీరు చెప్పింది న్యాయమే. ఉలవచారులో ఉప్పు మరిస్తే ఎట్లా?"

వినేవాళ్ళు

అందరూ వింటున్నారన్న సంగతి నాకు తెలుసు. ఆమెకు చెప్పకుండా ఉండటం ధర్మం కాదనిపించింది. మర్నాడే చెప్పాను. "కమలమ్మా, ఈ ఫోన్‌లో మనిద్దరమే కాదు. ఇష్టం లేకపోతే ఆపేద్దాం."

"తెలుసు సార్. ఊపిర్లు ఇనపడతాండాయి కదా. ఒకాయప్ప రోజూ ముక్కు చీదుతాడు."

"నేనేమ్మా, పెనుకొండ" అంది ఒక గొంతు సిగ్గుగా. "పడిశెం."

"మిరియాల కషాయం తాగన్నా" అంది కమలమ్మ.

ఆమె సరేనంది గనుక సాగింది. అయినా చావు మాట, బిడ్డ మాట అడగవలసినప్పుడు కంట్రోల్‌తో చెప్పి అందరినీ రిసీవర్లు పెట్టేయమనేవాణ్ణి. టక్, టక్, టక్ అని వరసగా పెట్టేసేవారు. పెనుకొండాయన చివర్న పెట్టేవాడు. ఇది మంచి పద్ధతని నేననను. రోగి మాట రోగిదే, నలుగురిదీ కాదు. ఆ ఒంటరి స్టేషన్‌లో ఆమెకు నలుగురి ఊపిరి తోడైందన్నది మాత్రం నిజం. ఇంకొకరికి అదే ఊపిరి ఉరితాడయ్యేది. ఎవరికి ఏదో అడిగి తెలుసుకోవలసిందే. వేరే దారి లేదు.

బండ్లు ఆగిన మధ్యాహ్నం

కమలమ్మకు మాట వచ్చిందని నేను గాలిలో తేలుతూ బెంగుళూరు పోయి ఆ డాక్టరుకు చెబితే ఆయన నవ్వలేదు. "ఇప్పుడే ఎక్కువ జాగ్రత్త. పడుకున్న మనిషికి లేచే శక్తి వస్తోంది. దిగులింకా పోలేదు. ఏం చేసుకునేందుకైనా ఇప్పుడు శక్తి ఉంటుంది" అన్నాడు. వచ్చి రామ్మూర్తికీ ఖాజాబీకీ అదే చెప్పాను. ఖాజాబీ ఆమెకు నీడలా ఉండేది.

ఒక మధ్యాహ్నం, నా వేళ కాకముందే ఆసుపత్రికి కబురొచ్చింది. పరుగెత్తుకుపోయి రిసీవర్ ఎత్తాను.

"కమల కనపడల్యా సార్." రామ్మూర్తి గొంతు గుర్తుపట్టలేకపోయాను. "ఖాజాబీ బిడ్డను పండబెట్టి వచ్చేలోగా లేదు. చెప్పులు ఈడే ఉండాయి. యాడికి పోయిందో..."

నేను నోరు తెరిచేలోగా కంట్రోల్ అందుకుంది. ఆ గొంతులో తొందర లేదు, వణుకు లేదు. "హిందూపురం, గూడ్సు వదలొద్దు. పెనుకొండ, ప్యాసింజరు నిలుపు. రామ్మూర్తీ, నువ్వు ఫోన్ దగ్గరే ఉండు. పట్టాల వెంబడి రెండు పక్కలా గ్యాంగు కూలీలను పంపు."

ఎవరూ రిసీవర్ పెట్టలేదు. ముక్కు చీదే చప్పుడు కూడా లేదు.

చాలాసేపటికి రామ్మూర్తి గొంతు. ముందు ఏడుపు, తర్వాత మాట. "దొరికింది సార్. పట్టాల కాడ, కాలవ మోరీ మీద కూచోనుండె. మస్తాన్ పిల్చుకొని వచ్చినాడు."

ఆమెకు ఫోన్ ఇమ్మన్నాను. ఎందుకు పోయావని అడగలేదు. "కాళ్ళు కాలాయా అమ్మా?" అన్నాను.

"కాలినాయి." వెంటనే, "ప్యాసింజరు రాలేదేం సార్?" అంది. ఆ మోరీ మీద ఆమె ఎదురుచూసింది ఆ బండి కోసమేనని అప్పుడు అర్థమైంది.

జవాబు కంట్రోల్ చెప్పింది. "నేనే నిలిపినానమ్మా. నీకోసం."

"నాకోసమా? బండి నిండా జనముంటారే!"

"ఉండనీ."

"పసిబిడ్డలుంటారు సామీ. ఎండకు అల్లాడిపోతారు. వదలండి."

"నువ్వు ఇంట్లోకి పోయి కూచున్నావని ఖాజాబీ వచ్చి చెప్తే వదుల్తా. అంతవరకు వదలను."

రిసీవర్ బల్లమీద పెట్టిన చప్పుడు. తర్వాత ఖాజాబీ గొంతు, రొప్పుతూ. జీవితంలో మొదటిసారి ఫోన్ పట్టుకుందేమో, ఊరంతా వినేట్టు అరిచింది. "కూచుండాది సాబ్! బిడ్డను ఒళ్ళో పెట్టుకోని ఏడుస్తాండాది! బండి ఇడ్చండి!"

పెనుకొండ నుంచి ప్యాసింజరు కదిలింది. నేను అక్కడే బెంచీమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చి, వెంటనే మళ్ళీ నవ్వి, మళ్ళీ ఏడ్చాను.

ఫోన్ పెట్టేయవలసిన వేళ

ఆ సాయంత్రమే నేను వాళ్ళ స్టేషన్‌కు వెళ్ళాను. గది బయట నిలబడి, ఇక ఫోన్ చాలదు, బెంగుళూరు పోక తప్పదు అన్నాను. దూరాన్నుంచి వైద్యం చేసేవాడికి ఇంకేం తెలిసినా తెలియకపోయినా, ఎప్పుడు దూరం పనికిరాదో తెలియాలి. తెరమీద ఎంత బాగా కనిపించినా, మనిషి పక్కన మనిషి కూర్చోవలసిన ఘడియలు కొన్ని ఉంటాయి. అప్పుడు కూడా తెర దగ్గరే కూర్చుంటే అది వైద్యం కాదు.

లోపల గాజులు కదిలిన చప్పుడు. తర్వాత, "ఖాజాబీ వస్తే పోతా" అంది కమలమ్మ. నేను ధర్మవరం బండి ఎక్కాక, ఖాజాబీ తన పిల్లలను అత్తకు అప్పజెప్పి ఆ రాత్రే ఆమెతో బెంగుళూరు బయలుదేరింది. గడప దాటేటప్పుడు కమలమ్మ చేయి తలుపుమీద ఒక్క క్షణం ఆగిందనీ, తర్వాత తనే తీసేసిందనీ రామ్మూర్తి మర్నాడు ఫోన్‌లో చెప్పాడు. ఆయన ఆ క్షణాన్ని కూడా చూశాడు.

ఆసుపత్రిలో కొన్ని వారాలుంది. మాత్రలు మార్చారు. బిడ్డను కూడా అక్కడే ఉంచుకోనిచ్చారు. ఆ వారాల్లో నాకు మధ్యాహ్నాలు తోచేవి కావు. కంట్రోల్‌కూ తోచేది కాదనుకుంటాను. "డాక్టర్, బెంగుళూరు సంగతేమన్నా తెలిసిందా?" అని బండ్ల మధ్యలో అడిగేది ఆ గొంతు. ఏమన్నా తెలిసి నేను చెబితే, వద్దన్నా ఊపిర్లన్నీ వచ్చి చేరేవి.

బండ్లు ఆపిన సంగతి పైదాకా పోయింది. విచారణకు వచ్చిన అధికారి కంట్రోల్‌ను కారణం అడిగితే, "లైన్‌మీద మనిషి ఉండింది" అని మాత్రం చెప్పాడట. ఏ మనిషి అంటే, "మా మనిషి" అన్నాడట. ఆ అధికారి ఇంకేమీ అడగలేదు. నా పై అధికారి కూడా నన్ను పిలిపించాడు. చీవాట్లకు సిద్ధపడి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అవునూ, ఆ బెంగుళూరు డాక్టరు పేరేంటి? మా చెల్లెలు ఒకతె ఉంది..." అని ఆగిపోయాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పూట మేమిద్దరం ఎక్స్‌రేలో కనిపించని సంగతులే మాట్లాడుకున్నాం.

ప్లాట్‌ఫారం మీద

కమలమ్మ నయమై ఇంటికి వచ్చాక, చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఆ కుటుంబం ధర్మవరం వస్తోందని తెలిసింది. పట్టుచీర కొనడానికట. ఆరోజు ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. ఎందుకంటే ప్రతి స్టేషన్‌లో ఎవరో ఒకరు బండి దగ్గరికి వచ్చి, "కమలమ్మ ఏ పెట్టెలో ఉండాది?" అని అడుగుతూ కిటికీలు వెతికారట. పెనుకొండాయన జామపళ్ళ బుట్ట పట్టుకొచ్చాడట. గార్డు జెండా ఊపీ ఊపీ విసిగిపోయాడు. కంట్రోల్ మాత్రం ఆ ఆలస్యం గురించి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పక్కన మా కాంపౌండరు. ఆరడుగుల మనిషి, కోరమీసం. బండి ఆగింది. బిడ్డను ఎత్తుకుని దిగిన ఒకావిడను చూసి గబగబా వెళ్ళి, "ఏమ్మా, బాగున్నావా? బిడ్డ బాగుందా?" అని ఆప్యాయంగా పలకరించాను. ఆవిడ భయపడి బిడ్డను రెండో చంకకు మార్చుకుంది. కమలమ్మ కాదు!

వెనక్కి తిరిగి చూస్తే, బొద్దుగా, నల్లగా, కనకాంబరాలు పెట్టుకున్న ఇంకొకావిడ మా కాంపౌండరు ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, "మీ మేలు ఈ జన్మలో మరవను సార్" అంటోంది. కాంపౌండరు అయోమయంగా నావైపు చూస్తున్నాడు. రామ్మూర్తి ఇంకా పెట్టెలోంచి పిల్లలను దింపుతూనే ఉన్నాడు.

"కమలమ్మా, నేనమ్మా డాక్టరును!" అన్నాను.

ఆమె గొంతు వచ్చిన వైపు గిరుక్కున తిరిగింది. ఎదురుగా ఎవరూ కనపడక చూపు కిందికి దించింది. నన్ను తల నుంచి కాళ్ళ దాకా, మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా చూసింది. అందుకు ఎక్కువసేపు పట్టలేదు.

"మీరా సార్!" అంది నోటికి చేయడ్డం పెట్టుకుని. "గొంతు ఇని మిమ్మల్ని ఎంత ఎత్తుంటారో అనుకొంటి!"

ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది పాపం. భుజాలు కదిలాయి, కనకాంబరాలు కదిలాయి, ఇక లాభం లేదని తల వెనక్కి వాల్చి, ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసేట్టు పగలబడి నవ్వింది.